అప్పుడు జట్టు కట్టేవారు, ఇప్పుడు లెక్క కడుతున్నారు

మార్చి నెల వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పిట్స్‌బర్గ్‌లో ఆ నెల చలికాలమూ కాదు, ఎండాకాలమూ కాదు. దానికితోడు మా మనవరాలు సోఫాలో బాసింపట్టు వేసుక్కూర్చుని, ఫోను మీద వేలు జరుపుతూ, "తాతయ్యా, ఫలానావాణ్ణి తీసేస్తే మనకు క్యాప్‌లో బోలెడు జాగా వస్తుంది" అంటుంది. ఆట సెప్టెంబరులో గాని మొదలవదు. ఇప్పుడు బంతి లేదు, మైదానం లేదు, ఒక్కడు చెమట పట్టించుకున్నది లేదు. వాడు ఎలా పరిగెడతాడో ఎవరికీ అక్కర్లేదు; వాణ్ణి వదిలించుకుంటే ఎంత మిగులుతుందన్నదే చర్చ. ఇది సీపీఏ పరీక్ష ప్యాసైన పిల్ల కాబట్టి సరిపోయింది. ఫుట్‌బాల్ చూడ్డానికి ఇంటికో అకౌంటెంటు కావలసిన రోజులొచ్చాయి.

ముందే చెబుతున్నాను, ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. అమెరికా వాళ్ళది. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతారు, చంకన పెట్టుకుని పరిగెడతారు, ఎదుటివాళ్ళు మీదపడి పడగొడతారు. చెడుగుడు ఆడినవాడికి అరగంటలో బోధపడుతుంది. నాకూ అలాగే బోధపడింది.

1972 ఆగస్టులో వచ్చాను నేను. కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ డిగ్రీ, ఒక ట్రంకుపెట్టె, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ. అప్పటికింకా పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరుడి గుడి లేదు. ఆదివారం ఊరికంతటికీ ఒకటే కొలుపు, ఊరి జట్టు స్టీలర్స్ ఆట. విచిత్రం ఏమిటంటే, ఊళ్ళో జరిగే ఆటను ఆ ఊరి టీవీలో చూపించేవారు కాదు. టికెట్లన్నీ అమ్ముడైపోయినా సరే, చూపించకూడదని రూలు. 1973లో గాని అది మారలేదు. కార్లున్నవాళ్ళు పక్క ఊళ్ళకు పోయి మోటెళ్ళలో గదులు తీసుకుని చూసేవారు. నాకు కారు లేదు. ఆ డిసెంబరు 23న మా ఇంటి ముసలావిడ వంటింట్లో రేడియో ముందు కూర్చుని విన్నాను. ఓక్లండ్ వాళ్ళది ఏడు, మనది ఆరు, ఇంకా ఇరవై రెండే సెకన్లు. మనవాళ్ళ బ్రాడ్‌షా విసిరిన బంతి ఎవరికో తగిలి వెనక్కి ఎగిరింది. నేలను తాకబోయే ముందు ఫ్రాంకో హారిస్ అనే కొత్త కుర్రాడు దాన్ని అందుకుని గీత దాటేశాడు. ముసలావిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో నాకు తర్వాత తెలిసింది. 1933లో ఆర్ట్ రూనీ 2,500 డాలర్లు పెట్టి తెచ్చుకున్న ఆ జట్టు, నలభై ఏళ్ళలో గట్టి ఆట ఒక్కటీ గెలవలేదట. అదే మొదటిది.

ఇక ఆ జట్టును ఎలా కట్టారో వినండి.

1969లో చక్ నోల్ అనే ముప్పై ఏడేళ్ళవాణ్ణి కోచ్‌గా పెట్టుకున్నారు. ఇక్కడొక పద్ధతుంది. ఏటా కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అందరికన్నా చెడ్డగా ఆడినవాళ్ళకు మొదటి వంతు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. నోల్ తన మొదటి వంతులో జో గ్రీన్ అనే పేరు చెబితే, ఊరి పేపరు "ఏ జో?" అని హెడ్డింగు పెట్టింది. ఆ ఏడు మొదటి ఆట గెలిచి, వరసగా పదమూడు ఓడారు. అంత ఘోరంగా ఓడిన జట్టు మరొకటీ ఉంది, షికాగో. మొదటి వంతు ఎవరిదని రూపాయి బిళ్ళ ఎగరేసినట్టు బొమ్మా బొరుసా వేశారు. మనవాళ్ళు గెలిచారు, బ్రాడ్‌షా వచ్చాడు. అదృష్టం లేదని నేననను. కానీ మిగతాదంతా కాళ్ళరిగేలా తిరిగి సంపాదించినదే.

తిరిగినవాడు బిల్ నన్. నల్లవాళ్ళ పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో క్రీడల పేజీలు చూసేవాడు. దక్షిణాదిలో నల్లపిల్లలు చదివే చిన్న చిన్న కాలేజీలు ఆయనకు కొట్టినపిండి. ఆ రోజుల్లో పెద్ద జట్ల మనుషులు అటు తొంగి చూసేవారు కాదు, చూసినా పైపైన చూసి వచ్చేసేవారు. అలబామాలో జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాణ్ణి చూడ్డానికి నలుగురితోపాటు ఈయనా వెళ్ళాడట. తడి నేల మీద పరిగెత్తించారు, కుర్రాడు నెమ్మదిగా కనిపించాడు. అందరూ పెదవి విరిచి వెళ్ళిపోయారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని ఆగిపోయి, మర్నాడు పొడి నేల మీద మళ్ళీ పరిగెత్తించి చూసుకున్నాడని చెబుతారు. ఆ స్టాల్‌వర్త్‌ను 1974లో నాలుగో వంతు దాకా ఆగి తీసుకున్నారు. మొదటి వంతులో లిన్ స్వాన్, రెండులో జాక్ లాంబర్ట్, అయిదులో మైక్ వెబ్‌స్టర్. ఎవరూ తీసుకోకుండా వదిలేస్తే పిలిచి చేర్చుకున్నవాడు డానీ షెల్. ఒక్క ఏడాదిలో చేరిన ఈ అయిదుగురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. 2021లో బిల్ నన్‌కూ అందులో చోటిచ్చారు, ఆయన పోయాక.

రాకీ బ్లయర్ సంగతీ చెప్పాలి. 1968లో పదహారో వంతులో వచ్చినవాడు, అంటే దాదాపు చివరాఖరున. వియత్నాం యుద్ధానికి పట్టుకుపోయారు. తూటా తగిలింది, గ్రెనేడు పేలి పాదం ఛిద్రమైంది. కుంటుతూ వచ్చినవాణ్ణి రూనీ పొమ్మనలేదు. ఏళ్ళు పట్టింది కోలుకోవడానికి. 1976లో ఆయన ఒక్క సీజన్లో వెయ్యి గజాలు దాటి పరిగెత్తాడు. ఇవాళైతే లెక్కల గుమస్తా ఒకడు వచ్చి, ఈ కుంటికాలు ఎంతకు తూగుతుందని కాగితం చూసి చెప్పేవాడు.

ఆరేళ్ళలో నాలుగు సూపర్‌బౌళ్ళు, అంటే సీజన్ చివరి కప్పు ఆటలు, గెలిచాం. 1980 జనవరిలో నాలుగోది గెలిచిన రోజున జట్టులో ఉన్న ఏ ఒక్కడూ అంతకుముందు వేరే జట్టుకు ఆడినవాడు కాదు. అందరూ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళే. ఊళ్ళో అభిమానులందరిలాగే నేనూ ఒక పసుపు తువ్వాలు కొనుక్కుని ఊపాను. మా ఆవిడ దాంతో తర్వాత స్టవ్ తుడిచింది, అది వేరే గొడవ.

ఇదంతా చెబితే మనవరాలు, "అప్పుడు క్యాప్ లేదు కదా తాతయ్యా" అంటుంది. లేదు మరి. 1994లో పెట్టారు. క్యాప్ అంటే జీతాలకు గరిష్ఠ పరిమితి. ఐపీఎల్ వేలంలో జట్టుకింత పర్సు అని ఉంటుంది చూడండి, 2025కు 120 కోట్లు అన్నారే, అలాంటిదే. ఇక్కడ 1994లో జట్టుకు 3 కోట్ల 46 లక్షల డాలర్లుండేది, 2025 నాటికి 27 కోట్ల 92 లక్షలైంది. ముప్పై రెండు జట్లకూ ఒకటే గీత. యాభై ముగ్గురిని దాని కిందే పోషించాలి. వినడానికి ధర్మంగానే ఉంది. కానీ మన భాషలో టోపీ పెట్టడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ టోపీకే టోపీ పెడతారు.

ఎలాగంటారా? ఆటగాడికి 5 కోట్ల బోనస్ ఇవాళే చేతిలో పోస్తారు. లెక్కల పుస్తకంలో మాత్రం అయిదేళ్ళకు ఏటా కోటి చొప్పున రాసుకుంటారు. రెండేళ్ళయ్యాక వాడు పనికిరాడని పంపేశారనుకోండి, రాయకుండా మిగిలిన 3 కోట్లూ ఒక్కసారి నెత్తిన పడతాయి. మనిషి లేడు, వాడి జీతం ఉంది. దీన్ని చచ్చిన సొమ్ము అంటారు వీళ్ళు. ఇది చాలదన్నట్టు, ఒప్పందం చివర ఉత్తుత్తి ఏళ్ళు తగిలిస్తారు. ఆ ఏళ్ళలో వాడు ఆడడని అందరికీ తెలుసు. అప్పును సాగదీయడానికి మాత్రమే అవి. మా ఊళ్ళో శ్రావణమాసం చీటీపాటలో మొదటి నెలే పాడేసుకుని, మిగతా నెలలన్నీ మొహం చాటేసే మహానుభావులుండేవారు. వాళ్ళకిక్కడ జనరల్ మేనేజర్ ఉద్యోగం ఇచ్చేవారు.

ఇక ఈ కాలపు జట్టు కట్టుడు రకాలు చూడండి.

ఒకటి, అప్పు చేసి పప్పుకూడు. లాస్ ఏంజెలెస్ రామ్స్ అనే జట్టు 2016 తర్వాత 2024 దాకా డ్రాఫ్ట్ మొదటి వంతులో ఒక్క కుర్రాణ్ణీ తీసుకోలేదు. వంతులన్నీ అమ్మి తయారైన మగధీరులను తెచ్చుకుంది. జేలెన్ రామ్‌జీ కోసం రెండు మొదటి వంతులు, మ్యాథ్యూ స్టాఫర్డ్ కోసం ఇంకో రెండు. విత్తనాలమ్మి బిర్యానీ తిన్నట్టు. మాడిపోతారని నేను శాపనార్థాలు పెడుతుంటే, 2022 ఫిబ్రవరిలో సొంత స్టేడియంలోనే సూపర్‌బౌల్ గెలిచి కూర్చున్నారు. మరుసటి సీజన్లో అయిదు గెలిచి పన్నెండు ఓడారు, నా మనసు కాస్త శాంతించింది. ఆ పైయేడు చచ్చిన సొమ్మును మింగేసి, అయిదో వంతులో పూకా నకూవా అనే కుర్రాణ్ణి ఏరుకుని, మళ్ళీ లేచారు. అప్పు చేశారు, పప్పుకూడు తిన్నారు, అప్పు తీర్చారు. నాకు వాళ్ళంటే పడదు గాని, ఆ మాట దాచను.

వాళ్ళను చూసి వాత పెట్టుకున్నట్టున్నది న్యూ ఆర్లియన్స్. డ్రూ బ్రీస్ అనే ఆటగాడు ఉన్నన్నాళ్ళూ ఈ ఏటి అప్పు వచ్చే ఏటికి తోస్తూ వచ్చారు. 2021లో ఆయన ఆట మానేశాక కూడా ఆయన పేరు మీద లెక్క నడిచింది. మరి ఆపారా? లేదు, ఇంకా తోశారు. 2024 సీజన్ దాకా ఒక్కసారీ ప్లేఆఫ్‌లకు పోలేదు. కూలగొట్టి కట్టుకునే ధైర్యం లేక, కారే కప్పుకు ఏటా తాటాకు కప్పుకుంటూ కూర్చున్నారు.

రెండో రకం, చవక పిల్లాడు. 2011లో కొత్త ఒప్పందం వచ్చి, కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళ జీతాలు తెగ్గోసింది. 2010లో మొదటి వంతులో వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 7 కోట్ల 80 లక్షల ఒప్పందం. మరుసటేడు అదే వంతులో వచ్చిన క్యామ్ న్యూటన్‌కు 2 కోట్ల 20 లక్షలు. దాంతో సియాటిల్‌కు లాటరీ తగిలింది. 2012లో మూడో వంతులో తెచ్చుకున్న రసెల్ విల్సన్ బంతి విసిరేవాడు, క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టుకు గుండెకాయ. నాలుగేళ్ళకూ కలిపి ఆయన ఒప్పందం 30 లక్షల డాలర్ల లోపు. మిగిలిన డబ్బుతో చుట్టూ కోటగోడ కట్టుకుని, 2014 ఫిబ్రవరిలో డెన్వర్‌ను 43–8తో ఉతికి ఆరేశారు. పిల్లాడు పెద్దవాడై 2015లో పెద్ద జీతం అడిగాడు. గోడలో ఇటుకలు ఒక్కొక్కటీ ఊడాయి. చవగ్గా ఉన్నంతకాలమే ఆ సంసారం.

మూడోది నాకు అరికాలి మంట నెత్తికెక్కించే రకం. కావాలని నేలమట్టమవడం. క్లీవ్‌లాండ్ వాళ్ళు 2016లో ఒక్క ఆట గెలిచారు, 2017లో పదహారుకు పదహారూ ఓడారు. డబ్బు మిగిల్చారు, వంతులు పోగేశారు. బ్రాక్ ఆస్‌వైలర్ అనే పనికిరాని క్వార్టర్‌బ్యాక్‌ను, 1 కోటి 60 లక్షల జీతంతో సహా హ్యూస్టన్ నుంచి తీసుకున్నారు. ఆడించడానికి కాదు. ఆ జీతం భారం మోసినందుకు హ్యూస్టన్ ఒక రెండో వంతును కానుకగా ఇచ్చింది. ఇంట్లో చెత్త తీసుకుపోయినందుకు వెండిగిన్నె ఇచ్చినట్టు. మా మనవరాలికి ఇది మహా ముచ్చట. ఆ వంతుతో వచ్చినవాడు నిక్ చబ్, మంచి ఆటగాడు, ఒప్పుకుంటాను. ఈ పన్నాగం పన్నినవాణ్ణి మాత్రం ఫలం చేతికి రాకముందే ఉద్యోగం నుంచి పీకేశారు. 2021 జనవరిలో ఆ జట్టే మా ఊరొచ్చి 48–37తో మా పరువు తీసింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ఆ తర్వాతైనా బుద్ధిగా ఉన్నారా? ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను పొడిచినట్టు, 2022లో డిషాన్ వాట్సన్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం మూడు మొదటి వంతులు, 23 కోట్ల డాలర్ల పూర్తి హామీ జీతం ధారపోశారు. పైసా పైసా కూడబెట్టిందంతా ఒక్క సంతలో పోయింది. నేను శాపం పెట్టలేదు, అవసరం రాలేదు.

నాలుగోది కాస్త నచ్చింది నాకు. కాన్సస్ సిటీ. తమ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌కు పదేళ్ళకు 45 కోట్ల ఒప్పందం రాసిచ్చారు. అంత ఇచ్చాక తక్కినవాళ్ళకు తగ్గించాలి కదా. 2022లో మెరుపులా పరిగెత్తే టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చేసి అయిదు వంతులు తెచ్చుకున్నారు. ఊరంతా నెత్తీనోరూ కొట్టుకుంది. వీళ్ళు కుర్రాళ్ళను పెంచుకుని 2023లోనూ, 2024లోనూ కప్పు ఎత్తారు. మెళ్ళో కాసులపేరు అమ్మి మాగాణి కొన్నట్టు. మా నాయనమ్మ చేసిన పనే ఇది. ఆవిడకు ఏ కంప్యూటరూ లేదు.

మరి మా స్టీలర్స్ సంగతి? చెప్పుకుంటే సిగ్గు. 1969 నుంచి 2024 సీజన్ దాకా ముగ్గురే కోచ్‌లు, అదొక్కటే పాత మర్యాద మిగిలింది. మేం ఎన్నడూ పూర్తిగా పడిపోం, పూర్తిగా లేవం. ఆ సియాటిల్ విల్సనే డెన్వర్ చేరి, అక్కడ చెల్లక, 2024లో మా దగ్గరికి వచ్చాడు. డెన్వర్ వాళ్ళ పుస్తకంలో ఆయన పేరు మీద 8 కోట్ల 50 లక్షల చచ్చిన సొమ్ము. మేం ఇచ్చింది 12 లక్షల 10 వేలు. మనవరాలు ఎగిరి గంతేసింది, కారుచౌక అని. చివరికేమైంది? కారుచౌకగా కొన్న మేం పది గెలిచి ఏడు ఓడాం. నెత్తిన అంత బండ మోసిన డెన్వర్, కొత్త కుర్రాణ్ణి నమ్ముకుని, అదీ పది గెలిచి ఏడు ఓడింది. ఇద్దరం ప్లేఆఫ్ మొదటి ఆటలోనే ఇంటికి పోయాం. వాళ్ళ చేతిలో కుర్రాడున్నాడు. మా చేతిలో మిగిలిన చిల్లర ఉంది.

ఇదంతా నేను దంచుతుంటే మనవరాలు ఫోను పక్కన పెట్టింది. "తాతయ్యా, మీ రోజుల్లో అందరూ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళే అన్నారు. వేరే ఇంటికి పోయే హక్కు వాళ్ళకుండేదా?" అంది.

లేదు. ఆటగాడు జట్టు మారితే పోగొట్టుకున్నవాళ్ళకు ఎంత నష్టపరిహారమో లీగు కమిషనరు తేల్చేవాడు. ఆ భయానికి ఎవరూ ఎవర్నీ తీసుకునేవారు కాదు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 1993లో గాని ఆటగాళ్ళకు నిజంగా స్వేచ్ఛ రాలేదు. ఆ స్వేచ్ఛకు యజమానులు పుచ్చుకున్న ప్రతిఫలమే మరుసటేడు వచ్చిన క్యాప్. నాకు తెలియక కాదు. తెలిసినవన్నీ చెప్పాలని రూలుందా?

"మరి ఫ్రాంకో?" అంది.

అది అడక్కుండా ఉండాల్సింది.

1984. మోనాన్‌గహేలా నది ఒడ్డున ఉక్కు మిల్లులు ఒకటొకటే పొయ్యి ఆర్పేస్తున్న కాలం. నేను పన్నెండేళ్ళు... అక్కర్లేదు, నాలాంటివాళ్ళు వేలమంది ఆ ఏడు ఉద్యోగం పోయిందనే గులాబీ చీటీ పుచ్చుకున్నారు. అదే వేసవిలో ఫ్రాంకో హారిస్ జీతం పెంచమని అడిగి శిబిరానికి రాకుండా కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, జట్టుకు నాలుగు కప్పులు తెచ్చినవాడు. పేపరువాళ్ళు ఆయన గురించి అడిగితే నోల్ "ఏ ఫ్రాంకో?" అన్నాడు. జో గ్రీన్‌ను ఊరు అలా అంటే తప్పని నిరూపించిన మనిషే. జట్టు ఫ్రాంకోను వదిలేసింది. ఆయన పోయి సియాటిల్ చొక్కా వేసుకుని ఎనిమిది ఆటలాడాడు. జిమ్ బ్రౌన్ అనే పాతతరం ఆటగాడి పరుగుల మొత్తానికి 192 గజాల దూరంలో ఆగిపోయాడు. ఆ చొక్కాలో ఆయన ఫోటో పేపర్లో చూసి నేను పసుపు తువ్వాలు మడిచి పెట్టెలో పెట్టేశాను. అప్పటికి క్యాప్ పుట్టడానికి ఇంకా పదేళ్ళుంది.

కాబట్టి టోపీని తిట్టడం మానేశాను. దయ లేకపోవడానికి ఏ రూలూ అక్కర్లేదని ఆ ఏడే తెలిసింది. కానీ ఒక్క మాట వదలను. అప్పు చేసిన రామ్స్, నగ అమ్మిన కాన్సస్ సిటీ, చవక పిల్లాడి సియాటిల్, ఎవరైనా సరే నిలబడింది మూడో నాలుగో అయిదో వంతులో ఒక అనామకుణ్ణి గుర్తుపట్టి, వాడికి చోటిచ్చినప్పుడే. ఆ పని లెక్కల పుస్తకం చెయ్యదు. తడి నేల ఆరేదాకా ఆగే మనిషి చెయ్యాలి. అలా ఆగేవాడికి జీతమిచ్చి, వాడి మాట వినే ఓపిక యజమానికి ఉండాలి. దానికి క్యాప్‌లో జాగా అక్కర్లేదు.

మా మనవరాలికి చివరగా ఒక లెక్క చెప్పాను, అది లెక్కల మనిషి కదా. నోల్ మొదటి మూడేళ్ళలో గెలిచినవి పన్నెండు, ఓడినవి ముప్పై. ఈ రోజుల్లో అయితే ఆయన్ను ఎప్పుడో సాగనంపేవారు. రూనీ ఉంచాడు. నాలుగో ఏడు పదకొండు గెలిచారు.